ముప్ఫయ్యో ఏట శని పలకరిస్తే...

శని పేరెత్తితేనే మనవాళ్లు మొహం చిట్లిస్తారు. శనివారం ఇంటికి నూనె తెచ్చుకోని వాళ్లు కొందరైతే, శనిత్రయోదశి నాడు నువ్వులనూనె సీసా పట్టుకుని గుడి ముందు బారులు తీరేవాళ్లు మరికొందరు. అలాంటి శనిగారి పేరును ఏరికోరి తన పాటల ఆల్బమ్‌కు పెట్టుకున్న అమ్మాయి ఒకతె ఉంది. మన దేశం పిల్ల కాదు లెండి. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, డిస్నీల్యాండ్ ఉన్న ఎనహైమ్ ఊళ్లో పెరిగింది. పేరు గ్వెన్ స్టెఫానీ. ఆమె పాడే బృందం పేరు 'నో డౌట్'. ఆ ఆల్బమ్ 'రిటర్న్ ఆఫ్ శాటర్న్'... శని తిరిగిరావడం అన్నమాట! 2000 ఏప్రిల్ 11న మార్కెట్లోకి వచ్చింది.

పాతికేళ్లు దాటిన సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే కారణం ఉంది. ముప్ఫై దగ్గరపడుతున్న ఆడపిల్ల మనసులో ఏం మెదులుతుందో, నలుగురిలో అనలేక ఏం మింగేస్తుందో, మైకు ముందు నిలబడి అదంతా చెప్పేసిన పాటలు ఇవి. అదీ అప్పటికే ప్రపంచమంతా పేరు మోగిపోయిన అమ్మాయి చెప్పింది.

స్కా అంటే?

ముందు ఆ సంగీతం గురించి రెండు ముక్కలు. 'స్కా' అనేది జమైకా దీవిలో 1950ల చివర్లో పుట్టిన బాణీ. రెగ్గే అని విని ఉంటారుగా, దానికిది అక్క వరస. మనం పాట వింటూ తాళం వేస్తాం చూడండి, సరిగ్గా ఆ దెబ్బ మీద కాకుండా రెండు దెబ్బలకూ మధ్య ఉన్న ఖాళీలో గిటారు 'చక్, చక్' మంటూ ఉంటుంది. దాంతో కాళ్లు ఊరుకోవు. వెనక ట్రంపెట్, ట్రాంబోన్ వంటి బూరలు. 1970ల చివర్లో ఇంగ్లండులో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి ఇదే బాణీని మళ్లీ పట్టుకున్నారు. ఆ రికార్డులు గ్వెన్ వాళ్లన్నయ్య ఎరిక్ చేతికి చిక్కాయి. అన్నయ్య పియానో వాయిస్తూ పాటలు కట్టేవాడు. చెల్లెలు పాడేది. అలా 1986లో ఇంటిపట్టున మొదలైందే నో డౌట్.

మొదట్లో ముఖ్య గాయకుడు ఆమె కాదు, జాన్ స్పెన్స్ అనే కుర్రవాడు. మాటమాటకీ 'నో డౌట్' అనే అతని ఊతపదమే బృందానికి పేరైంది. పద్దెనిమిదేళ్ల ఆ పిల్లవాడు 1987 డిసెంబరులో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దెబ్బకు బృందం చెదిరిపోవాల్సిందే, కానీ నిలబడింది. పక్కన నిలబడి పాడే గ్వెన్ క్రమంగా ముందుకొచ్చింది.

బొట్టు వెనక కథ

1987లోనే బేస్ గిటారు వాయించడానికి టోనీ కనాల్ అనే అబ్బాయి వచ్చాడు. లండన్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగినవాడు. అమ్మానాన్నలు భారతీయులు! గ్వెన్, టోనీ ప్రేమలో పడ్డారు, ఏడేళ్లు కలిసి తిరిగారు. ఆ రోజుల్లో టోనీవాళ్లింటికి వెళ్తూ వస్తూ, అతని తల్లి నుదుట బొట్టు చూసి ముచ్చటపడి తనూ పెట్టుకోవడం మొదలుపెట్టింది గ్వెన్. 1990ల మధ్యలో ఆమె ఫొటో ఏ పత్రికలో పడినా నుదుటి మీద తళుక్కుమనే బొట్టు బిళ్ల ఉండేది. మా అమ్మ ఒకసారి అలాంటి బొమ్మ చూసి, "ఈ దొరసానికి మన బొట్టు ఎవరు నేర్పారే?" అని ఆశ్చర్యపోయింది. కాబోయే అత్తగారే అని తెలిస్తే ఇంకెంత ఆశ్చర్యపోయేదో! (తర్వాతి కాలంలో, పరాయి సంస్కృతి గుర్తులను ఫ్యాషన్ చేసుకోవడం తగునా అని అక్కడ వాదులాటలూ జరిగాయి. అక్కడ బొట్టు పెట్టుకున్నందుకు ఎగతాళి పడిన మనవాళ్ల పిల్లలకు ఆ కోపం ఉండటంలో వింతేం లేదు.)

అయితే ఆ అత్తరికం రాలేదు. 1994లో టోనీ ఇక చాలనేశాడు. అన్నయ్య ఎరిక్ కూడా బృందం వదిలేసి కార్టూన్ బొమ్మలు గీసే ఉద్యోగానికి వెళ్లిపోయాడు, 'ద సింప్సన్స్' అనే టీవీ సీరియల్‌కి. ప్రేమించినవాడు వద్దన్నాడు, తోబుట్టువు తప్పుకున్నాడు. 1992లో వచ్చిన మొదటి ఆల్బమ్ ఎప్పుడో పల్టీ కొట్టింది. మామూలుగా అయితే అక్కడితో కథ సరి.

ఆ ఏడుపే పాటైంది. 1995 అక్టోబరులో వచ్చిన 'ట్రాజిక్ కింగ్‌డమ్' అలా పుట్టిందే. డిస్నీల్యాండును 'మ్యాజిక్ కింగ్‌డమ్' అంటారు కదా, దాని మీద చమత్కారం. అందులో 'డోంట్ స్పీక్' టోనీతో తెగిపోయిన బంధం గురించే. 'జస్ట్ ఎ గర్ల్' సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. రాత్రిపూట టోనీ ఇంటి నుంచి ఒంటరిగా కారు నడుపుకుంటూ వస్తోందని వాళ్ల నాన్న చీవాట్లు పెట్టాట్ట. "ఆడపిల్లవి, అర్ధరాత్రి రోడ్డు మీద నీకేం పని?" ఈ మాట గుంటూరులోనే అనాలని ఉందా? ఎనహైమ్‌లోనూ అంటారు! ఆ ఉక్రోషంతో రాసిందే ఆ పాట.

ఆల్బమ్ మొదట నెమ్మదిగా కదిలి, ఏడాది తర్వాత 1996 డిసెంబరులో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. మొత్తం తొమ్మిది వారాలు అక్కడే ఉంది. 'డోంట్ స్పీక్' 16 వారాల పాటు అక్కడి రేడియోల్లో నంబర్ వన్. ఒక్క అమెరికాలోనే కోటి కాపీలు, ప్రపంచం మొత్తం మీద కోటిన్నర పైచిలుకు అమ్ముడయ్యాయి. మన దగ్గర కూడా కేబుల్ టీవీలో ఆ పాట మోగని రోజు ఉండేది కాదు. మాటలు అర్థం కాకపోయినా ఆ గొంతులోని బాధ మాత్రం అందరికీ తెలిసేది.

ఒక్కసారి ఊహించండి. రెండేళ్లకు పైగా ఊరూరా కచేరీలు. ప్రతి రాత్రీ ఆ పాట పాడాలి. నన్ను వదిలేశావు కదా అని పాడుతుంటే, ఆ వదిలేసిన మనిషి పక్కనే నిలబడి గిటారు వాయిస్తుంటాడు! మళ్లీ ఇద్దరూ ఒకే బస్సెక్కి తర్వాతి ఊరికి వెళ్లాలి. మనమైతే విడిపోయిన సంబంధం వాళ్లు ఎదురుపడితే పెళ్లిపందిట్లోంచే వెళ్లిపోతాం. వాళ్లు మాత్రం పని వదల్లేదు, స్నేహమూ వదల్లేదు. దానికి ఎంత నిబ్బరం కావాలో ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పైగా పత్రికలవాళ్లకు గ్వెన్ ఒక్కతే కావాలి, వెనకనున్న ముగ్గురు మగపిల్లలు అక్కర్లేదు. ఫొటోగ్రాఫర్లు వాళ్లను పక్కకు జరగమనేవాళ్లు. ఆ గొడవనే 'డోంట్ స్పీక్' వీడియోలో దాచకుండా చూపించారు.

ఇక శని సంగతి

అంత హిట్టు తర్వాత ఏం చేయాలి? మళ్లీ అలాంటిదే ఇంకోటి చేసి డబ్బులు చేసుకోవచ్చు. గ్వెన్‌కు అప్పటికి ముప్ఫై వస్తోంది. 1969 అక్టోబరు 3న పుట్టింది. పాశ్చాత్య జ్యోతిషంలో ఒక లెక్క ఉంది. శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. అంటే మనం పుట్టినప్పుడు ఏ చోట ఉన్నాడో, మనకు ముప్ఫై వచ్చే వేళకు మళ్లీ అక్కడికి వస్తాడు. అప్పుడు మనిషి తన జీవితాన్ని తానే తూకం వేసుకుంటుందని వాళ్ల నమ్మకం.

మన ఏలినాటి శని ఇది కాదు. అది జన్మరాశికి ముందు రాశిలోకి శని రావడంతో మొదలై, జన్మరాశి, ఆ తర్వాతి రాశి దాటేవరకూ, ఒక్కోదాంట్లో రెండున్నరేళ్ల చొప్పున ఏడున్నరేళ్లు ఉంటుంది. గ్రహం ఒకటే, పద్దు వేరు. నాకైతే ఈ రెంటిలోనూ పెద్ద పట్టింపు లేదు. కానీ ఇరవై ఎనిమిది, ముప్ఫై మధ్య ఆడపిల్లకు ఒక గుబులు పట్టుకోవడం మాత్రం నిజం. దానికి శని కారణమో, పక్కింటి పిన్నిగారు కారణమో మీరే చెప్పండి!

గ్వెన్ పెరిగింది నలుగురు పిల్లలున్న క్యాథలిక్ కుటుంబంలో. అమ్మానాన్నల్లాగే తనూ పెళ్లి చేసుకుని, పిల్లలను కని, ఇల్లు చూసుకుంటానని చిన్నప్పటి నుంచీ అనుకునేదాన్నని ఎన్నోసార్లు చెప్పింది. పాటలు, కచేరీలు అన్నీ మధ్యలో వచ్చిపడ్డవి. వేదిక మీద ఎగిరి గంతులేస్తూ, మీరు మగాళ్లయితే నాకేంటన్నట్టు ధిక్కరించే ఆ పిల్ల, లోపల మాత్రం ఉయ్యాల గురించి కలలు కంటోంది. అప్పటికి ఆమె ప్రేమించింది గావిన్ రాస్‌డేల్‌ని. 'బుష్' అనే ఇంగ్లీషు బృందం గాయకుడు. ఇద్దరూ చెరో దేశంలో, చెరో టూర్‌లో. పెళ్లి మాట అతను ఎత్తడు, ఈమె అడగలేదు.

ఇదంతా పద్నాలుగు పాటల్లో పెట్టేసింది. 'మ్యారీ మీ' అని ఏకంగా ఒక పాట పేరే పెట్టింది. 'ఎక్స్-గర్ల్‌ఫ్రెండ్'లో, చివరికి నేనూ నీ పాత జాబితాలో ఒక పేరునవుతానని నాకు ముందే తెలుసంటూ ఉడుక్కుంటుంది. 'బాత్‌వాటర్' మరీ చిత్రం. అతని పాత ప్రేయసులను తలుచుకుని కుళ్లుకుంటూనే, అతను స్నానం చేసిన నీళ్లయినా సరే నాకు ఇష్టమే అంటుంది. మన పాత సినిమాల్లో మొగుడు తిన్న విస్తట్లో వడ్డించుకునే ఇల్లాలు గుర్తు రావడం లేదూ? తేడా ఏమిటంటే ఈమె తన వెర్రిని చూసి తనే నవ్వుకుంటుంది. బాణీ కూడా పాతకాలపు నాటకం పాటలా ఊగుతూ ఉంటుంది. 'మ్యాజిక్స్ ఇన్ ద మేకప్'లో, ఈ రంగులన్నీ కడిగేస్తే మిగిలేది ఎవరు అని అద్దాన్ని అడుగుతుంది.

అన్నిటిలోకీ నా మనసుకు పట్టింది 'సింపుల్ కైండ్ ఆఫ్ లైఫ్'. ఆ పాటను గ్వెన్ ఎవరి సాయమూ లేకుండా తనే రాసుకుంది. స్కా గంతులు లేవు, బూరలు లేవు. నెమ్మదైన గిటారు, దాని మీద అలిసిపోయిన గొంతు. నేను కోరుకున్నది చాలా చిన్న జీవితం, అది నా చేతులారా ఇంత క్లిష్టం ఎలా అయిందీ అని అడుగుతుంది. స్వేచ్ఛ అంటే నాకు ప్రాణం, దాన్ని పట్టుకునే ఉండి ఇప్పుడు ఒక బిడ్డ కోసం బెంగ పడుతున్నానంటుంది. పిల్లలు వద్దని తీసుకునే జాగ్రత్త ఏదో ఒకనాడు తప్పిపోతే బాగుండునేమో అని కూడా అనేస్తుంది! ఈ మాట ఎంతమంది ఆడవాళ్ల మనసులో మెదిలి ఉంటుందో, ఎవరు పైకి చెప్పారు? అందులోనూ 'ఆడపిల్లనే కదా అని చులకన చేయకండి' అంటూ లక్షలమంది అమ్మాయిలను ఊపేసిన మనిషి. ఇప్పుడు పెళ్లిగౌను వేసుకుని వీడియోలో కనిపిస్తే అభిమానులు ఏమనుకుంటారో అన్న జంకు ఉండాలిగా! ఉన్నా పాడింది.

ఈ మధ్య మా అక్కకూతురికి ఈ పాట వినిపించాను. ఇరవై తొమ్మిది దాటాయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి వచ్చిందంటే చాలు, వాళ్లమ్మ సంబంధాల కట్ట విప్పుతుంది, ఇది చెప్పులేసుకుని మా ఇంటికి వచ్చేస్తుంది. చెవుల్లో పెట్టుకుని మొత్తం వింది. మళ్లీ ఒకసారి పెట్టుకుని వింది. తర్వాత అంది కదా, "పిన్నీ, నాకు పెళ్లి వద్దని అమ్మ అనుకుంటోంది. నాకూ చేసుకోవాలనే ఉంది. పిల్లలంటే ఇష్టమే. కానీ ఆ మాట ఆఫీసులో అంటే, అయితే ఇక ప్రమోషన్ ఎందుకులే అంటారు. ఇంట్లో అంటే మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి హాల్లో కూర్చుంటారు. అందుకే ఎక్కడా అనను."

"మరి నాతో అన్నావుగా" అన్నాను.

"నువ్వు అమ్మకు చెప్పవుగా" అంది. చెప్పలేదు. (మా అక్క ఈ పేజీ చదవదు లెండి, సినిమా పేజీ ఒక్కటే చూస్తుంది!)

పెళ్లి కోరుకోవడం వేరు, పెళ్లికి తరమబడటం వేరు. ఉద్యోగం ఇష్టమన్నంత మాత్రాన ఇల్లు అక్కర్లేదని కాదు. రెండూ కావాలనుకునే పిల్లను ఇటువాళ్లూ అటువాళ్లూ కూడా అనుమానంగానే చూస్తారు. గ్వెన్ పాటలో ఉన్న ఇరకాటం అదే. అందుకే ఆమె డబ్బూ పేరూ చూసి, నీకేం తక్కువమ్మా అని కొట్టిపారేయలేకపోయాను.

అమ్మకాల మాట

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ ఆల్బమ్ పాతదాని ముందు వ్యాపారంలో తేలిపోయింది. మొదటి వారం అమెరికాలో 2 లక్షల పైన అమ్ముడై రెండో స్థానంలో దిగింది, మొత్తం మీద అక్కడ పది లక్షలు దాటింది. వేరే ఎవరికైనా అది పండగే. కోటి అమ్మినవాళ్లకు మాత్రం దిగుడే! గంతులు వేయడానికి వచ్చిన కుర్రకారు ఈ దిగులు పాటలు విని కొంచెం బిత్తరపోయారు. నిర్మాత గ్లెన్ బలార్డ్, అంతకుముందు అలానిస్ మోరిసెట్ చేత 'జాగ్డ్ లిటిల్ పిల్' పాడించి మోత మోగించినవాడు. ఆయన చేతిలో పడి నో డౌట్ పాటలకు నునుపు వచ్చింది, స్కా పాలు తగ్గింది. నన్నడిగితే మధ్యలో మూడు నాలుగు పాటలు తీసేసినా నష్టం లేదు. ఒకే బాధను పద్నాలుగుసార్లు వింటే ఆత్మీయురాలైనా కాస్త విసుగొస్తుంది కదా. కానీ 'ట్రాజిక్ కింగ్‌డమ్' ఇప్పుడు వింటే ఆ వయసు గుర్తొస్తుంది, అంతే. 'రిటర్న్ ఆఫ్ శాటర్న్' వింటే ఇప్పటి మనుషులు కళ్లముందుకొస్తారు. ఉత్తమ రాక్ ఆల్బమ్ కింద గ్రామీ పోటీకి కూడా వెళ్లింది, బహుమతి రాలేదు.

ఆ తర్వాత

2001 డిసెంబరులో 'రాక్ స్టెడీ' వచ్చింది. కొంత జమైకా వెళ్లి మరీ రికార్డు చేశారు, మళ్లీ హుషారు పాటలు, గ్రామీలూ వచ్చాయి. 2002 జనవరిలో గావిన్ పెళ్లి మాట ఎత్తాడు. అదే ఏడాది సెప్టెంబరు 14న లండన్‌లో పెళ్లి. కింద అంచు గులాబీరంగులో ముంచినట్టుండే తెల్లగౌను వేసుకుంది. 2004లో విడిగా తన పేరు మీద తెచ్చిన ఆల్బమ్‌లో మొదటి పాటలోనే గడియారం టిక్కు టిక్కుమంటూ బిడ్డ సంగతి గుర్తుచేస్తూ ఉంటుంది. 2006లో మొదటి కొడుకు, 2008లో రెండోవాడు, 2014లో మూడోవాడు. మూడోవాడు పుట్టేనాటికి ఆమెకు నలభై నాలుగు.

కోరుకున్నవి వచ్చాయి. వచ్చింది నిలవలేదు. 2015లో విడాకులకు దరఖాస్తు పెట్టింది. మరి ఆ పాటల్లో ముందే తెలుసన్న భయం ఊరికే పోలేదేమో అనిపిస్తుంది. పదమూడేళ్ల కాపురం, ముగ్గురు పిల్లలు వృథా అనీ అనలేం. 2021 జులైలో గాయకుడు బ్లేక్ షెల్టన్‌ను పెళ్లాడింది.

బృందం మాత్రం మూతపడుతూ తెరుచుకుంటూ వచ్చింది. 2012లో 'పుష్ అండ్ షవ్' అని ఒకటి తెచ్చి మళ్లీ ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. చివరికి 2024 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో జరిగే 'కోచెల్లా' సంగీతోత్సవంలో మళ్లీ నలుగురూ ఒకే వేదిక ఎక్కారు. గ్వెన్‌కు యాభై నాలుగేళ్లు, ఎప్పటిలాగే ఎగురుతోంది. పక్కన బేస్ గిటారు పట్టుకుని టోనీ కనాల్. మధ్యలో ఈనాటి కుర్రకారు పిచ్చిగా అభిమానించే గాయని ఒలీవియా రోడ్రిగో అతిథిగా వచ్చింది. 2003లో పుట్టిన పిల్ల, అప్పటికి ఇరవై ఒకటి. ఆమె గ్వెన్‌తో కలిసి పాడిన పాట 'డోంట్ స్పీక్' అనుకుంటున్నారేమో, కాదు. శని ఆల్బమ్‌లోని ఆ స్నానం నీళ్ల పాట!